జానా బెత్తెడు ఎత్తు

అంబాసిడర్ కారు ఖాళీగా నిలబడి ఉన్నా సరే, లోపల ఎవరో ముఖ్యమైనవాళ్ళు కూర్చున్నారని చూసేవాళ్ళకు అనుమానం రావాలి. ఇది మా నాన్న సిద్ధాంతం. ఆ లెక్కన మా కారుకు ముఖ్యమైనవాళ్ళ కొరత ఏనాడూ లేదు. ముక్కు ఆకాశానికెత్తి, తోక నేలకు దించి, కాస్త ఎడమకు ఒరిగి, నేరేడుచర్లలో మా ఇంటి ముందు వేపచెట్టు కింద అది దర్జాగా ఉంటుంది. 1968 నాటి మార్క్ టూ. మిర్యాలగూడలో ఒక రైసుమిల్లు యజమాని వాడి వాడి వదిలేస్తే నాన్న కొన్నాడు. మిల్లులో చాకిరీ చేసి వచ్చింది గనక, నడుము అప్పటికే వంగి ఉంది.

వెనక కుంగిన కారును మా వైపు ఎవరూ తప్పుపట్టరు. సాగర్ ఎడమ కాలువ పారిన దగ్గర్నుంచీ ఇక్కడ బరువంటే వడ్లు. కారు వెనక కుంగిందంటే డిక్కీలో బస్తా ఉంది. బస్తా ఉందంటే ఇంట్లో పంట ఉంది. అప్పిచ్చేవాడు కూడా ముందు కారు వెనక్కి వెళ్ళి చూసి, తర్వాతే మొహం చూస్తాడు. ఇక ఎడమకు ఒరగడం గురించి ఎదురుగా ఎరువుల కొట్టాయన ఎప్పుడో తీర్పిచ్చేశాడు. "ఎడమ కాలువ ఆయకట్టు గద సారూ, కారు గూడ కాలువ దిక్కే చూస్తున్నది."

ఈ ప్రశాంతతను చెడగొట్టింది మా అక్క కొడుకు. వాడు డాలస్‌లో ఉంటాడు. పగలు కంప్యూటరు పని, రాత్రి పాత కార్ల వీడియోలు. సంక్రాంతి పొద్దున వీడియో కాల్ చేసి ముగ్గు చూపించమంటే మా ఆవిడ ఫోను అటు తిప్పింది. ముగ్గుతో పాటు కారు కూడా కనబడింది. వాడు ముగ్గును వదిలేశాడు. "మామా, ఆ కారు స్టాన్స్ ఏంది అట్లున్నది?"

కారు నేల మీద నిలబడే తీరు అన్నమాట. అది సమంగా ఉండాలి, వీలైతే నేలకు దగ్గరగా ఉండాలి, నాలుగు మూలలా ఒకే ఎత్తుండాలి. కొలిచి పంపమన్నాడు. మా ఇంట్లో టేపు ఎప్పుడూ ఎవరికో అప్పిచ్చే ఉంటుంది కాబట్టి చేత్తోనే కొలిచాను. ముందు బంపరు నేలకు రెండు జానలకు బెత్తెడు తక్కువ. వెనక బంపరు జానా బెత్తెడు. హైస్కూల్లో ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పినవాణ్ణి, సెంటీమీటర్లలోకి మార్చి పంపాను. వాడు జవాబుగా కాలిఫోర్నియా చరిత్ర పంపాడు.

ఆ చరిత్ర మాత్రం బాగుంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక లాస్ ఏంజెలెస్‌లో మెక్సికన్ కుటుంబాల కుర్రాళ్ళు పాత షెవర్లెలు చౌకగా కొని, నేలకు దించి, వీధుల్లో నింపాదిగా తిప్పేవాళ్ళట. స్ప్రింగులు మార్చే స్తోమత లేనివాళ్ళు డిక్కీలో ఇసుక బస్తాలు వేసేవాళ్ళు. ప్రభుత్వం చిరాకుపడి, కారులో ఏ భాగమూ చక్రం రిమ్ము అడుగు కంటే కిందికి దిగకూడదని 1958లో చట్టం తెచ్చింది. మరుసటి ఏడాదే రాన్ అగిర్రే అనే కుర్రాడు తన కార్వెట్‌కు పాత విమానాల హైడ్రాలిక్ పంపులు బిగించుకున్నాడు. పోలీసు కనబడితే కారు లేస్తుంది, కనుమరుగైతే దిగుతుంది. ఆ రాష్ట్రంలో ఊళ్ళు పెట్టిన ఆంక్షలన్నీ ఎత్తేయడానికి 2023లో మళ్ళీ ఇంకో చట్టం చేయాల్సి వచ్చింది.

ఇదంతా విన్నాక మా నాన్నకు ఒక్క ముక్కే పట్టింది. "డిక్కీల బస్తాలేసి కిందికి దించుడు ఫ్యాషనా? మరి మనం ఎప్పుడో చేసినం గద. మనకు చెప్పుకునుడు రాలే, అంతే."

అల్లుడికి కారు కిందికి దిగాలి. నాన్నకు ఎక్కడిది అక్కడే ఉండాలి. నాకు సమంగా నిలబడితే చాలు. మా ఆవిడకు ఈ మూడింటితోనూ పని లేదు. కోదాడ పోయి వచ్చిన ప్రతిసారీ వెనక సీట్లో కూర్చున్న తన నడుము పట్టేయకుండా ఉంటే చాలంది, దానికోసం పది వేలు మంజూరు చేసింది. పది వేలు దాటితే ఆ పైది నా పింఛను లోంచి అని అక్కడే షరతు కూడా.

మెకానిక్ మేస్త్రిని పిలిపించాం. ఆయన కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. ముందు బంపరు మీద మోకాలు పెట్టి, బలంగా అదిమి, వదిలేశాడు. కారు ఊగింది. ఇంకా ఊగింది. ఈలోపు ఆయన బీడీ ముట్టించుకున్నాడు.

"షాకబ్జర్లు లేవు సారూ."

"ఉన్నాయి కదయ్యా, కనబడుతున్నాయి."

"కనబడ్తయ్. లేవు."

అదిమి వదిలిన కారు ఒకసారి పైకి లేచి, కిందికి దిగి ఆగిపోవాలి. ఊగుతూనే ఉందంటే షాకబ్జర్లో నూనె పోయినట్టు. కానీ కారు కుంగడానికీ దీనికీ సంబంధం లేదు. బరువు మోసేది స్ప్రింగు, ఊగుడు ఆపేది షాకబ్జర్. కారు కుంగిందని షాకబ్జర్లు మార్పించి, కొత్త షాకబ్జర్లతో కుంగిన కారులో తిరిగే పెద్దమనుషులు మా చుట్టుపక్కల చాలామందే ఉన్నారు. మేస్త్రి ఈ సంగతి చెప్పేసి, తర్వాత చేయాల్సిన మొదటి పని కూడా చెప్పాడు.

"ముందు డిక్కీ ఖాళీ చెయ్యండి."

డిక్కీ తెరిచి చాలాకాలమైంది. ప్రహరీ కట్టినప్పుడు మిగిలి, బస్తాలోనే గట్టిపడిపోయిన సిమెంటు ముప్పాతిక బస్తా. బోరు మోటారు పాత స్టార్టర్ డబ్బా. ఫుట్‌వాల్వు. గడ్డపార. రెండు జాకీలు, రెండూ పనిచేయనివి. యూరియా సంచి నిండా మోకులు. అడుగున మా అమ్మ ఎప్పుడో పోయిందనుకుని ఏడ్చిన ఇత్తడి గుండిగ. ప్రతి వస్తువు బయటికొచ్చినప్పుడల్లా నాన్న దాని పక్కన నిలబడి వాదించాడు. సిమెంటు దిమ్మ విషయంలో ఆయన వాదన బలమైనదే. టైరు పంక్చరైతే చక్రానికి అడ్డం పెట్టడానికి దాన్ని మించింది లేదట. గుండిగను మా అమ్మ లాక్కుపోయింది. మిగతావి గొడ్ల కొట్టంలోకి పోయాయి. కారు వెనక రెండు వేళ్ళు లేచింది. రూపాయి ఖర్చు కాలేదు. ఈ కిటుకు కార్ల కంపెనీలకు తెలియక కాదు, అమ్ముకోవడానికి వీల్లేక చెప్పరు.

ఇక అసలు పని. ఇంగ్లండులో 1956లో వచ్చిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ త్రీని హిందుస్థాన్ మోటార్స్ వాళ్ళు తెచ్చుకుని, పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో 1957 నుంచి అంబాసిడర్ పేరుతో తయారు చేశారు, 2014 మేలో ఆపారు. ఆ ఇంగ్లీషు ఇంజనీర్లు మా బోటి పేదవాళ్ళకు తెలియకుండానే ఒక మేలు చేసిపెట్టారు. ముందు చక్రాలకు చుట్టల స్ప్రింగులు పెట్టలేదు. కారు అడుగున, ఒక్కో చక్రానికి ఒక్కటి చొప్పున పొడుగాటి ఉక్కు కడ్డీలు పెట్టారు. టోర్షన్ బార్లు. ఒక కొస చక్రాన్ని పట్టుకున్న చేతికి, రెండో కొస కారు అడుగు భాగానికి. చక్రం గుంతలో పడి లేచినప్పుడల్లా కడ్డీ మెలిపడుతుంది, పిండిన తడిగుడ్డ చేతిలోంచి విప్పుకోజూసినట్టు వెనక్కి తిరుగుతుంది. పోర్షే ఈ ఆలోచనకు 1930లలోనే పేటెంటు తీసుకున్నాడు. 1934 నాటి సిత్రోయెన్‌లో ఉంది, అలెక్ ఇసిగోనిస్ 1948లో మోరిస్ మైనర్‌కు పెట్టాడు.

మనకు పనికొచ్చే సంగతేమంటే, కడ్డీ కొసకు పళ్ళుంటాయి. విప్పి, పన్ను జరిపి, మళ్ళీ దూరిస్తే ఆ మూల ఎత్తు మారుతుంది. సామాను ఏదీ కొననక్కర్లేదు, మేస్త్రి కూలి ఒక్కటే. గట్టిదనం మాత్రం మారదు. అది కడ్డీ లావును బట్టి, వ్యాసం నాలుగో ఘాతం చొప్పున పెరుగుతుంది. అంటే కడ్డీ పదో వంతు లావెక్కితే గట్టిదనం దాదాపు సగం పెరుగుతుంది. ఈ లెక్క మేస్త్రికి నేల మీద పుల్లతో గీసి చూపించాను. ఆయన ఓపిగ్గా విని, "ఆ గీతల మీంచి కొంచెం జరగండి సారూ, జాకీ పెట్టాలె" అన్నాడు.

ఎడమ కడ్డీ అలసిపోయింది. కారణం వెతకనక్కర్లేదు, ముందు ఎడమ సీటు ఎప్పుడూ నాన్నదే. ఆయన పరిష్కారం సూచించాడు. "అటుది ఇటు, ఇటుది అటు వెయ్యండి. లెక్క సరిపోద్ది." కుదరదు. ఏళ్ళ తరబడి ఒకవైపే మెలితిరిగిన ఉక్కును రెండోవైపు తిప్పితే విరగవచ్చు. ఎడమది ఎడమకే, కుడిది కుడికే. నాన్న నొచ్చుకున్నాడు. తన బరువుకు ఉక్కు అలసిపోతే, ఆ బరువును రోజంతా మోసే తన కాళ్ళు ఎందుకు అలసిపోలేదో చెప్పమన్నాడు. మేస్త్రి చెప్పలేకపోయాడు.

వెనక వైపుది వేరే లోకం. అక్కడ కమాన్ కట్టలు. ఇరుసుకు అటొకటి, ఇటొకటి, పట్టీ మీద పట్టీ పేర్చి మధ్యలో సెంటర్ బోల్టు దిగ్గొట్టి, యూ బోల్టులతో బిగించి ఉంటాయి. కమాన్ కట్టల పని చూడాలంటే మిర్యాలగూడ పోవాలి. మిల్లుల లారీలు, వాడపల్లి సిమెంటు లారీలు నడుములు చూపించుకునేది అక్కడే. మా కట్టలు దించగానే షాపు పెద్దాయన నవ్వలేదు, ఏమీ అనలేదు. పక్కనున్న టిప్పర్ పట్టీ ఒకటి తెచ్చి మా పట్టీ పక్కన పెట్టి, టీ తాగడానికి పోయాడు. అవమానం పూర్తయింది.

తిరిగొచ్చి ఇంకో పట్టీ వేయమంటారా అన్నాడు. అందరూ చేయించేది అదే. పట్టీ పెరిగితే కారు లేస్తుంది, నిజమే. కానీ బరువున్నా లేకపోయినా ఆ గట్టిదనం పోదు. ఖాళీ కారు ప్రతి గులకరాయినీ లోపలివాళ్ళకు పేరు పెట్టి పరిచయం చేస్తుంది. మా ఆవిడ మంజూరు చేసిన పది వేలు ఏ కారణంతో వచ్చాయో గుర్తున్నవాణ్ణి కాబట్టి వద్దన్నాను. ఉన్న పట్టీలకే వంపు పెట్టమన్నాను.

అది చూడాల్సిన పని. పెద్దాయన ముందుగా మెయిన్ పట్టీని నేల మీద పెట్టి, దాని వంపు వెంబడి సుద్దముక్కతో గీత గీశాడు. తర్వాత ఆ గీత పైన కొత్త వంపు ఇంకో గీత. ఏ కొలతా లేదు, కన్నే కొలత. కుర్రాడు పట్టీని దిమ్మె మీద పట్టుకున్నాడు, ఇంకొకడు సుత్తె ఎత్తాడు. దెబ్బ పడ్డప్పుడల్లా పట్టీ వేలెడంత జరుగుతుంది, మళ్ళీ దెబ్బ. ఒకే చోట రెండు దెబ్బలు పడకూడదు, పడితే అక్కడ మడత పడుతుంది. పట్టీ ఒక చివర నుంచి రెండో చివరకు చేరాక, నేల మీది సుద్దగీత మీద పెట్టి చూస్తారు. చాలకపోతే మళ్ళీ మొదటికి. కొలిమిలో ఎర్రగా కాలిస్తే సులువుగా వంగదా అని అడిగాను. "వంగిద్ది సారూ. మళ్లీ నూనెల ముంచి పదును పెట్టకపోతే వచ్చే పంటకే పడుకుంటది" అన్నాడు. అన్నీ కొట్టాక పట్టీల మధ్య తుప్పు ఇనుప బ్రష్షుతో గీకి, గ్రాఫైట్ గ్రీజు పూసి పేర్చారు. తుప్పు పట్టిన పట్టీలు ఒకదాని మీద ఒకటి జారవు. జారని కమాన్‌కు ఎంత వంపున్నా అది కొయ్యదిమ్మతో సమానం. సాగిపోయిన యూ బోల్టులు మాత్రం మళ్ళీ వాడనివ్వలేదు.

బుష్షుల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ ఉండదు, అదే వాటి దురదృష్టం. చిన్న రబ్బరు ముక్కలు. అన్నిట్లోకీ తక్కువ ఖర్చు, నడుముకు అన్నిట్లోకీ ఎక్కువ మేలు, పైకి మాత్రం కనబడవు. ఒక్క విషయం మా మేస్త్రి దగ్గర నేర్చుకున్నాను. కమాన్ బుష్షుల నట్లు కారు తన చక్రాల మీద తాను నిలబడ్డాకే బిగించాలి. జాకీ మీద ఉండగానే బిగిస్తే, కారు దిగాక రబ్బరు మెలిపడే ఉండి తొందరగా చిరుగుతుంది. ఇక షాకబ్జర్లు. మాది పాత మోడల్ కాబట్టి ముందువి చేతుల షాకబ్జర్లు, చక్రాన్ని పట్టుకునే పై చెయ్యి కూడా అదే. వాటికి కొత్త సీళ్ళు వేసి, నూనె పోసి తెచ్చారు. విజయవాడ ఆటోనగర్‌లో దొరకని కారు సామాను ఏమిటో నాకింకా తెలియలేదు.

ఈలోపు టీ హోటల్లో కమిటీ కూర్చుంది. బొలెరో టైర్లు కూడా 15 అంగుళాలవే గనక అవి వేస్తే కారు పొగరుగా ఉంటుందని ఒకాయన. స్టీరింగు తిప్పగానే మడ్‌గార్డును రాసుకుంటాయని ఇంకొకాయన. సూర్యాపేటలో ఎవరో కుర్రాడు ప్రీమియర్ పద్మిని ముందు స్ప్రింగులను రెండు చుట్లు కోయించాడని, కారు అందంగా దిగిందని, ఇప్పుడు వాడు అందులో ఎక్కడం లేదని మూడో ఆయన. అదీ సహజమే. చుట్టలు కోస్తే ఎత్తు తగ్గుతుంది గానీ, మిగిలిన స్ప్రింగు ఇంకా గట్టిపడుతుంది. గ్యాసుతో కోస్తే ఆ వేడికి పదును కూడా పోతుంది.

చట్టం మాట కూడా అక్కడే వచ్చింది. బండిని కంపెనీ ఇచ్చిన కొలతలకు భిన్నంగా మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. కుంగినదాన్ని దాని పుట్టినప్పటి ఎత్తుకు తేవడం మార్పు కాదు, మరమ్మతని నా వాదన. యాభై ఏళ్ళు దాటిన బండ్లకు 2021 జులై నుంచి వీఏ అక్షరాలతో వింటేజ్ నంబరు ఇస్తున్నారు, మనమూ తీసుకుందామా అంటే నాన్న షరతులు చదివించుకున్నాడు. కొత్తగా నమోదుకు 20 వేలు. ఆ తర్వాత ప్రదర్శనలకూ ర్యాలీలకూ పెట్రోలు పోయించుకోవడానికీ తప్ప మామూలుగా రోడ్డెక్కకూడదు. "20 వేలు కట్టి కారు ఇంట్లో పెట్టుకునుడా?" అన్నాడు. ఆయన దృష్టిలో తెలుగునాట పాత బండికి జరిగిన గొప్ప మార్పు ఒక్కటే. 1982లో రామారావు గారు పాత షెవర్లె వ్యానును చైతన్య రథం చేయించడం. హరికృష్ణ నడుపుతుంటే, తండ్రి పైకెక్కి ప్రసంగిస్తూ రాష్ట్రమంతా తిరిగారు. "ఒక పార్టీని మొత్తం మోసింది. దాని కమాన్లు ఎవరన్న కొలిచిండ్రా?"

కారు వచ్చింది. అలైన్‌మెంటు చేయించాం, ఎత్తు మారితే అది తప్పదు. బంపర్లు ముందూ వెనకా ఒక్క ఎత్తు. ఎడమా కుడీ సమానం. పది వేలు దాటింది, ఎంతన్నది ఈ వ్యాసం మా ఆవిడ చదువుతుంది గనక రాయను. ఆమె నడుము మాత్రం కోదాడ పోయి వచ్చి కూడా ఏమీ అనలేదు.

ఊరు మాత్రం చాలా అన్నది. "కారు అమ్ముతున్నరా సారూ?" "ఈసారి పంట రాలేదా?" ఎరువుల కొట్టాయన చుట్టూ తిరిగి చూసి, "ఖాళీగున్నది" అన్నాడు, కారు గురించో నా గురించో తెలియలేదు. నాన్న ముందు సీట్లో కూర్చుని, ఎదుట రోడ్డు మరీ దగ్గరగా కనబడుతోందని విసుక్కున్నాడు. ఇన్నాళ్ళూ ఆయనకు కనబడింది ఆకాశం.

స్పీడు బ్రేకర్ల దగ్గర మాత్రం వెనక ఎత్తు విలువ తెలిసింది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్కలో స్పీడు బ్రేకరు 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు, మెల్లగా లేచి మెల్లగా దిగాలి. మా వైపు దాని ఎత్తును ఆ బజారులో ఆఖరి ప్రమాదం తీవ్రత నిర్ణయిస్తుంది. కోతల కాలంలో రోడ్డు సగం మేర వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్ళు పెడతారు. ఆ రాళ్ళను మా సైలెన్సర్ ఇదివరకు వరసగా పలకరించేది. ఇప్పుడు పలకరింపుల్లేవు. అల్లుడు మాత్రం ఫొటో చూసి పెదవి విరిచాడు. "ఇంకా కిందికి ఉండాలె మామా."

ఆ తర్వాత జాన్‌పహాడ్ సైదులు దర్గాకు కందూరు మొక్కు తీర్చుకోవాల్సి వచ్చింది. జాన్‌పహాడ్ పాలకీడు మండలంలో ఉంది. 2016లో కొత్త మండలాలు ఏర్పడే దాకా అది మా నేరేడుచర్ల మండలమే. జనవరి ఉర్సు రద్దీ తగ్గాక ఒక శుక్రవారం బయల్దేరాం. నాన్న ముందు సీట్లో, ఒళ్ళో మనవడు. వెనక అమ్మ, మా ఆవిడ, అక్క, అక్క తోటికోడలు, ఇద్దరు పిల్లలు. వాళ్ళ కాళ్ళ దగ్గర బియ్యం. డిక్కీలో ఆ ఇత్తడి గుండిగ, కట్టెలు, మూత సగం తెరిచి మోకుతో కట్టి, గాలి తగిలేటట్టు నిలబెట్టిన పొట్టేలు. వెనక బంపరు కొలిస్తే జానా బెత్తెడు. నాన్న తృప్తిగా ఆకాశం చూస్తూ కూర్చున్నాడు.

దర్గా దగ్గర ఆపగానే మా అక్క ఎవరికీ చెప్పకుండా ఒక ఫొటో తీసి కొడుక్కు పంపింది. నిమిషంలో కాల్ వచ్చింది. "మామా! ఇదీ స్టాన్స్ అంటే! ఏం తీసేసినవ్?"

"తీసెయ్యలేదురా, ఎక్కించినం. పొట్టేలును."

"అయితే దాన్ని తియ్యకు మామా."

తీయక తప్పలేదు. పొయ్యి వెలిగింది, గుండిగ ఎక్కింది, మా అమ్మ ఇన్నేళ్ళ ఎడబాటు తీరేలా అందులో వండింది. సాయంత్రం తిరిగి బయల్దేరేటప్పుడు అలవాటుగా వెనక బంపరు కొలిచాను. ఒక్క వేలు లేచింది. లెక్క సరిగ్గానే ఉంది. ఎక్కించిన బరువులో పెద్దగా ఏమీ తగ్గలేదు, డిక్కీలోంచి సీట్లలోకి జరిగింది.